మూడు లిపుల్లో ఒకే మనిషి: పర్లాకిమిడి నుంచి కెనడా సూపర్ వీసా

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరు టొరంటో దగ్గర ఉంటున్నారు, శాశ్వత నివాసం వచ్చింది, మార్చిలో రెండో కాన్పు. ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలోని అమ్మానాన్నలను పద్నాలుగు నెలలైనా దగ్గర ఉంచుకోవాలని మీ కోరిక. మామూలు సందర్శక వీసానా, సూపర్ వీసానా అని అడిగారు. నాన్నగారి పేరు పాస్‌పోర్టులో ఒకలా, ఇంటి పట్టాలో ఒకలా, పింఛను కాగితంలో మరొకలా ఉందన్నారు. అమ్మగారికి 2014లో అమెరికా వీసా రాలేదనీ, అది చెప్పాలా వద్దా అనీ చివరి వాక్యంలో రాశారు. వీసా ఏది అన్నదానికి జవాబు చిన్నదే. పేర్ల సంగతి మీరు దారిలో ఒక మాటగా చెప్పి వదిలేశారు గానీ, మన సరిహద్దు ఊళ్ళ వాళ్ళ దరఖాస్తులు దెబ్బతినేది అక్కడే. అందుకే దాని మీద ఎక్కువ రాస్తున్నాను.

నేనూ పర్లాకిమిడిలోనే పుట్టాను. బ్యాంకులో పనిచేసి, రిటైరయ్యాక బరంపురంలో స్థిరపడ్డాను. మా అబ్బాయి కెనడాలో ఉంటాడు. 2017లో మేమిద్దరం మొదటిసారి పెట్టిన సందర్శక వీసా తిరస్కరణకు గురైంది. మరుసటి ఏడాది వచ్చింది. 2023లో సూపర్ వీసా తీసుకుని వెళ్ళి వచ్చాం. అప్పటి నుంచి బరంపురం, రాయగడ, గుణుపూర్ వైపు తెలిసినవాళ్ళు కాగితాలు పట్టుకుని వస్తే పక్కన కూర్చుని చూసిపెడుతున్నాను. దీనికి డబ్బు తీసుకోను. తీసుకోకూడదు కూడా. కెనడా వలస వ్యవహారాల్లో రుసుము తీసుకుని సలహా ఇచ్చే హక్కు అక్కడి న్యాయవాదులకు, లైసెన్సు ఉన్న కన్సల్టెంట్లకు ఉంటుంది. టికెట్లు అమ్మే దుకాణంలో 'వీసా గ్యారంటీ' అని బోర్డు కనిపిస్తే లోపలికి వెళ్ళవద్దని నాన్నగారికి ముందే చెప్పండి.

మీకు కావలసింది సూపర్ వీసా. సందర్శక వీసా మీద వెళ్తే సాధారణంగా ఒక్కో రాకకు ఆరు నెలలు ఉండనిస్తారు. పొడిగింపు అడగవచ్చు. కానీ పద్నాలుగు నెలలు ఉండాలని ముందే తెలిసినప్పుడు ఆరు నెలల వీసా తీసుకుని, పసిబిడ్డ ఇంట్లో ఉండగా పొడిగింపు కాగితాల కోసం తిరగడం ఎందుకు? కెనడా పౌరులు లేదా శాశ్వత నివాసులైన వారి తల్లిదండ్రులకు, తాతలకు, అమ్మమ్మ నానమ్మలకు సూపర్ వీసా ఇస్తారు. దీని మీద ఒకసారి వెళ్తే రెండేళ్ళ వరకు ఉండనిచ్చేవారు. 2022 జూలై 4 నుంచి దాన్ని ఐదేళ్ళకు పెంచారు. వీసా పదేళ్ళ వరకు చెల్లవచ్చు గానీ పాస్‌పోర్టు గడువును దాటదు. అందువల్ల ఇద్దరి పాస్‌పోర్టుల్లో ఏది రెండు మూడేళ్ళలో ముగుస్తున్నా ముందు దాన్ని మార్పించండి. మీ వాళ్ళది భువనేశ్వర్ ప్రాంతీయ కార్యాలయం పరిధి. పేరులో తప్పు ఏదైనా ఉంటే సరిదిద్దించడానికి కూడా అదే అదను.

ఇక పేర్లు.

మన వైపు ఒక మనిషి పేరు మూడు లిపుల గుండా నడుస్తుంది. ఉదాహరణకు నాన్నగారి పేరు వెంకట అప్పారావు అనుకుందాం. తెలుగులో ఇంటిపేరు ముందు వస్తుంది, బడిలో దాన్ని పొడి అక్షరంగా రాస్తారు. ఒడిశా కార్యాలయంలో గుమాస్తా పేరులోని చివరి మాటను ఉపనామంగా తీసుకుంటాడు, అక్కడి పద్ధతి అది. అలా 'రావు' ఇంటిపేరైపోయి, అసలు ఇంటిపేరు కనబడకుండా పోతుంది. ఒడియాలో మన 'వెం'ను 'భెం' అని రాయడం మామూలు. వెంకట కాస్తా భెంకట అవుతుంది. ఆ కాగితాన్ని మళ్ళీ ఇంగ్లీషులోకి మార్చినప్పుడు వి అక్షరం ఉండవలసిన చోట బి, హెచ్ వచ్చి కూర్చుంటాయి. అప్పారావులో ఒక పి ఎగిరిపోతుంది. అమ్మగారి పేరులో లక్ష్మి ఉంటే ఆంధ్రలోని పాతపట్నం వైపు కాగితాల్లో కె, ఎస్, హెచ్‌లతో ఉంటుంది, ఒడిశా కాగితాల్లో ఎక్స్‌తో ఉంటుంది. వీటిలో ఏ ఒక్కటీ తప్పు కాదు. ఏ కార్యాలయానికి ఆ కార్యాలయం తన అలవాటు ప్రకారం రాసింది. మనకు ఇది పుట్టినప్పటి నుంచి అలవాటే కాబట్టి కంటికి ఆనదు. ఎక్కడో దూరాన కూర్చుని ఫైలు తెరిచిన అధికారికి మాత్రం ముగ్గురు వేరువేరు మనుషులు కనిపిస్తారు. ఇంటి యజమాని ఒకరు, పింఛనుదారు ఒకరు, ప్రయాణికుడు ఒకరు.

2017లో మా విషయంలో జరిగింది ఇదే. ఇల్లు ఉందని చూపించాం, పింఛను ఉందని చూపించాం. ఆ ఇల్లూ ఆ పింఛనూ నావే అని చూపించే కాగితం ఒక్కటీ పెట్టలేదు. పైగా పట్టాను అనువదించిన వ్యక్తి నా పేరును ఒడియా ఉచ్చారణ పట్టి ఇంగ్లీషులో కొత్తగా రాశాడు. దానితో అప్పటికే ఉన్న మూడు రూపాలకు నాలుగోది తోడైంది. తిరస్కరణ లేఖలో కారణం రెండు వాక్యాల్లో ఉంది: నా స్వదేశంలోని బంధాలు చాలినంత ఉన్నట్టు అధికారికి నమ్మకం కలగలేదు. ముప్పై నాలుగేళ్ళు ఒకే ఉద్యోగం చేసి, తాతల నాటి ఊళ్ళో ఇల్లు కట్టుకున్న మనిషికి ఆ వాక్యం చదివితే ఎంత బాధగా ఉంటుందో మీరు ఊహించగలరు. బాధ తగ్గాక ఫైలు మళ్ళీ తెరిచి, పరాయి మనిషిలా మొదటి పుట నుంచి చదివాను. అప్పుడు అర్థమైంది.

కాబట్టి మొదట చేయవలసింది, పాస్‌పోర్టులో ఉన్న పేరును ప్రమాణంగా తీసుకోవడం. ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా ఈ మూడింటినీ దానికి సరిపోయేలా దిద్దించండి. ఆధార్‌లో పేరు మార్పుకు రెండే అవకాశాలు ఇస్తారు, అందుకని ఇంగ్లీషు అక్షరాలు ఒకటికి రెండుసార్లు చూసుకున్నాకే సమర్పించండి. పట్టా, పింఛను కాగితాల జోలికి ఇప్పుడు పోవద్దు. వాటిని మార్పించాలంటే నెలలు పడుతుంది, నడుస్తున్న పింఛనుకు మధ్యలో ఇబ్బంది రావచ్చు. వాటిని ఉన్నవి ఉన్నట్టే ఉంచి, ఈ పేర్లన్నీ ఒకే వ్యక్తివని నోటరీ ముందు ప్రమాణ పత్రం చేయించండి. అందులో ప్రతి పేరూ ఆయా కాగితంలో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయించాలి.

దాంతో పాటు వివరణ లేఖలో ఒక చిన్న పట్టిక పెట్టండి. ఒక వరుసలో కాగితం, దాని పక్కన అది ఏ భాషలో ఉంది, అందులో పేరు ఎలా ఉంది, తేడా ఎందుకు వచ్చింది. కారణం ఒక్క వాక్యం చాలు. పర్లాకిమిడి ఆంధ్ర సరిహద్దున ఉన్న ఊరనీ, 1936లో ఒడిశా ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేదనీ, అక్కడి తెలుగువాళ్ళ కాగితాలు తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడింట్లోనూ ఉంటాయనీ మామూలు మాటల్లో రాయండి. నేను 2018లో పెట్టినది ఇలాంటి పట్టికే. ఆ తర్వాత చూసిపెట్టిన ప్రతి ఫైలులోనూ దీన్నే ముందు పుటలో పెట్టిస్తున్నాను.

మీ నాన్నగారికి పొలం పాతపట్నం వైపు ఉందన్నారు కదా. అంటే ఇల్లు ఒక రాష్ట్రంలో, పొలం మరో రాష్ట్రంలో. పొలానికి అడంగల్, 1బి అనే భూమి రికార్డులు తెలుగులో వస్తాయి. ఇంటి పట్టా ఒడిశా భూమి రికార్డుల వెబ్‌సైటు భూలేఖ్ నుంచి ఒడియాలో వస్తుంది. రెండింటికీ ఇంగ్లీషు అనువాదం, అనువాదకుడి ప్రమాణ పత్రం, అసలు కాగితం నకలు కలిపి పెట్టాలి. అనువాదం ఇంట్లోవాళ్ళు చేయకూడదు. మీ తమ్ముడికి మూడు భాషలూ వచ్చినా అతని చేత చేయిస్తే చెల్లదు. అనువాదకుడి ముందు పాస్‌పోర్టు నకలు పెట్టండి. కాగితంలో ఉన్న పేరును ఉన్నట్టే రాసి, ఇది పాస్‌పోర్టులోని ఫలానా పేరు గల వ్యక్తిదేనని ప్రమాణ పత్రం చెబుతోందన్న సూచన కింద చేర్చమనండి. రెండు వేర్వేరు పట్టణాల్లో ఇద్దరు అనువాదకుల చేత చేయించవద్దు. ఎవరి అక్షరక్రమం వారిదే అవుతుంది.

మీరు వాళ్ళ కూతురే అని చూపించేది మీ జనన ధ్రువపత్రం. మీరు గుసాని దగ్గర అమ్మమ్మగారి ఊళ్ళో ఇంట్లోనే పుట్టారనీ, అప్పుడు నమోదు చేయించలేదనీ రాశారు. ఆ తరంలో మన వైపు చాలామందిది ఇదే కథ. ఏడాది దాటిన జననాన్ని ఇప్పుడు కూడా 1969 నాటి జనన మరణాల నమోదు చట్టంలోని 13వ సెక్షను కింద నమోదు చేయించవచ్చు. 2023 సవరణ తర్వాత జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు లేదా జిల్లా మేజిస్ట్రేటు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ఇందుకు ఉత్తర్వు ఇస్తారు. నాన్నగారిని ఈ పని వెంటనే మొదలుపెట్టమనండి. దరఖాస్తు వేసేలోగా అది చేతికి రాకపోతే మీ భారత పాస్‌పోర్టు చివరి పుట ఉంది, అందులో తల్లిదండ్రుల పేర్లు ఉంటాయి. పదో తరగతి ధ్రువపత్రంలో తండ్రి పేరు ఉంటుంది. ఇవి రెండూ జతచేసి, జనన ధ్రువపత్రం ఎందుకు లేదో లేఖలో చెప్పండి. అసలు ఏమీ చెప్పకుండా ఖాళీగా వదిలిపెట్టడం మాత్రం వద్దు.

2014 నాటి అమెరికా తిరస్కరణ గురించి. చెప్పాలి. ఏ దేశమైనా ఎప్పుడైనా వీసా నిరాకరించిందా అని ఫారంలో సూటిగా అడుగుతారు. 'అవును' అని గుర్తు పెట్టి, ఏ ఏడాది, ఏ వీసా, ఎందుకు వెళ్ళాలనుకున్నారు అన్నవి మూడు వాక్యాల్లో రాయండి. పాత తిరస్కరణ ఉన్నంత మాత్రాన కొత్త వీసా ఆగదు. దాచిపెడితే మాత్రం అది తప్పుడు సమాచారం కిందికి వస్తుంది, ఐదేళ్ళపాటు కెనడాకు దరఖాస్తు చేసే అర్హత పోతుంది. అమెరికాకూ కెనడాకూ మధ్య వలస సమాచార మార్పిడి ఉంది. పదేళ్ళు దాటింది కదా, ఎవరికి తెలుస్తుంది అని మీకు ఎవరైనా చెప్పి ఉంటే ఆ మాట వినకండి. అమ్మగారు అరవై నాలుగేళ్ళ వయసులో 'అబద్ధం చెప్పారు' అన్న ముద్ర మోయవలసి వస్తుంది. నేను ఈ విషయంలో ఎవరి దగ్గరా మెత్తగా మాట్లాడను.

మీ వైపు నుంచి కావలసినవి: ఆహ్వాన లేఖ, మీ శాశ్వత నివాస పత్రం, ఆదాయ రుజువులు. ఆదాయానికి ఏటా మారే కనీస పరిమితి పట్టిక ఉంటుంది, ప్రభుత్వ వెబ్‌సైటులో ఈ ఏడాదిది చూడండి. తలలు లెక్కపెట్టడంలోనే ఎక్కువమంది పొరబడతారు. మీరు, మీ వారు, పెద్దబాబు, వాళ్ళ మీద అమ్మానాన్నలు ఇద్దరు: ఐదుగురు. నిర్ణయం వచ్చేలోగా కాన్పు కావచ్చు కాబట్టి ఆరుగురికి లెక్క సరిపోతుందో లేదో చూసుకోండి. మీ ఒక్కరి ఆదాయం చాలకపోతే మీ వారు కూడా సంతకం చేసి తన ఆదాయం కలపవచ్చు. పన్ను శాఖ ఇచ్చే అసెస్‌మెంటు నోటీసు అన్నిటికన్నా గట్టి రుజువు.

నాన్నగారి బ్యాంకు ఖాతా గురించి కూడా ఒక మాట. దరఖాస్తుకు ముందు ఎవరి దగ్గరో అప్పు తెచ్చి అందులో పెద్ద మొత్తం వేయించే అలవాటు మన ఊళ్ళల్లో ఉంది. బ్యాంకులో ముప్పై నాలుగేళ్ళు పుస్తకాలు చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, అలాంటి జమ పుటలో ఎంత స్పష్టంగా కనబడుతుందో చెప్పలేను. నెలనెలా పింఛను పడుతూ, కరెంటు బిల్లూ మందుల ఖర్చూ పోతూ ఉన్న మామూలు ఖాతాయే మంచి ఖాతా. మీరు పంపిన డబ్బు ఉంటే అది మీరు పంపినదేనని రాయండి.

వివరణ లేఖలో కాన్పు సంగతి దాచవద్దు. కూతురి కాన్పుకు తల్లి తోడుగా వెళ్ళడం ఏ దేశం వాళ్ళకైనా అర్థమవుతుంది. పద్నాలుగు నెలలు ఎందుకు, ఆ తర్వాత ఎందుకు తిరిగి వస్తారు అన్నవి రెండూ ఉండాలి. తిరిగి రావడానికి మీ వాళ్ళకు నిజమైన కారణాలే ఉన్నాయి: పింఛను, ఇల్లు, కౌలుకు ఇచ్చిన పొలం, రాయగడలో ఉద్యోగం చేస్తున్న మీ తమ్ముడు, అతని పిల్లలు. ఆ పిల్లల పేర్లూ బడి వివరాలూ కూడా రాయండి. లేఖ రెండు పుటలు మించకూడదు.

బీమాకు డబ్బు ఆదా చేయాలని చూడకండి. కనీసం లక్ష కెనడా డాలర్ల అత్యవసర వైద్య రక్షణ, అక్కడ అడుగుపెట్టిన రోజు నుంచి ఏడాది పాటు చెల్లేది ఉండాలి. ధర అంచనా కాగితం పనికిరాదు, డబ్బు కట్టిన పాలసీ కావాలి. వాయిదాల్లో కట్టడానికి వీలుంది. పద్నాలుగు నెలలు ఉంటారు కాబట్టి పదమూడో నెలకు పునరుద్ధరణ ఇప్పుడే గుర్తుపెట్టుకోండి. అందరూ ప్రీమియం చూసి పాలసీ ఎంచుకుంటారు. చూడవలసింది ముందే ఉన్న జబ్బుల షరతు. నాన్నగారికి రక్తపోటు, మధుమేహం రెండూ ఉన్నాయి. ఆ జబ్బు నిర్ణీత కాలంపాటు మార్పు లేకుండా నిలకడగా ఉంటేనే చాలా పాలసీలు ఖర్చు ఇస్తాయి. మందు మోతాదు మారినా 'నిలకడ' తప్పినట్టు లెక్కించే పాలసీలు ఉన్నాయి. అందువల్ల మోతాదు మార్చే ఆలోచన డాక్టరుగారికి ఉంటే అది ఇప్పుడే జరగనివ్వండి, ప్రయాణానికి ముందు నెలలో కాదు. అలాగని పాలసీ కోసం అవసరమైన మందు ఆపించకూడదు సుమా. వీసా రాకపోతే డబ్బు తిరిగి ఇస్తారో లేదో పాలసీ కాగితంలో చదివి కట్టండి.

వైద్య పరీక్ష కెనడా ప్రభుత్వం ఆమోదించిన డాక్టరు దగ్గరే చేయించాలి. అలాంటి వాళ్ళు హైదరాబాదులో ఉన్నారు, వేలిముద్రల కేంద్రం కూడా అక్కడ ఉంది. రుసుములు: వీసాకు ఒక్కొక్కరికి వంద డాలర్లు, వేలిముద్రలకు ఒక్కొక్కరికి ఎనభై ఐదు. పెద్దవాళ్ళను పర్లాకిమిడి నుంచి పలాస తీసుకెళ్ళి, రాత్రంతా రైల్లో కూర్చోబెట్టి సికింద్రాబాదులో దింపడం చిన్న పని కాదు. దాన్ని రెండుసార్లు చేయించకుండా మేము ఒక పద్ధతి పాటించాం. దరఖాస్తు వేయకముందే వైద్య పరీక్ష చేయించుకోవడానికి వీలుంది. ఫైలంతా మీరు అక్కడ సిద్ధంగా ఉంచండి. వీళ్ళు హైదరాబాదులో మొదటి రోజు పరీక్ష చేయించుకుని ఆ కాగితం ఫోనులో పంపగానే మీరు దరఖాస్తు సమర్పించి రుసుము కట్టండి. వేలిముద్రల ఉత్తరం మాకు మరునాడే వచ్చింది. స్లాటు దొరికింది, నాలుగో రోజు తిరుగు రైలెక్కాం. స్లాటు దొరకకపోతే రెండో ప్రయాణం తప్పదు, ఉత్తరం వచ్చాక ముప్పై రోజుల గడువు ఉంటుంది. బంధువుల ఇంట్లో వారం రోజులు ఉండేలా వెళ్తే నిశ్చింతగా ఉంటుంది. నాన్నగారికి చిన్నప్పుడు క్షయ వచ్చి తగ్గి ఉంటే పాత ఎక్స్‌రే, చికిత్స కాగితాలు దొరికినన్ని వెంట పెట్టండి. ఛాతీ ఎక్స్‌రేలో పాత మచ్చ కనబడితే అదనపు పరీక్షలు అడుగుతారు, కొన్ని వారాలు ఆలస్యమవుతుంది.

టొరంటో విమానాశ్రయంలో అధికారి అడిగితే సూపర్ వీసా మీద వచ్చామని చెప్పి బీమా కాగితం చూపించమనండి. దాన్ని పెద్ద పెట్టెలో కాక చేతి సంచిలో పెట్టుకోవాలి. ఎంతకాలం ఉండనిచ్చేదీ నిర్ణయించేది ఆ అధికారే కాబట్టి, అక్కడి నుంచి కదలకముందే తేదీ ఏమైనా రాశారేమో చూడమనండి. మందులు మూడు నెలలకు సరిపడా, ఇంగ్లీషులో రాసిన చీటీతో సహా తెచ్చుకోవచ్చు. ఆ తర్వాత అక్కడి డాక్టరును చూపించుకోక తప్పదు. ఈ బీమా అత్యవసరాలకే గానీ రోజువారీ మాత్రలకు ఇవ్వదు. ఆ ఖర్చు మీ లెక్కలో వేసుకోండి.

ఇంకొక సంగతి మీరు అడగలేదు, కానీ పద్నాలుగు నెలల్లో ఒక నవంబరు తప్పక వస్తుంది. నాన్నగారు పింఛనుదారు, నవంబరులో జీవిత ధ్రువపత్రం ఇవ్వాలి. బయల్దేరే ముందు ట్రెజరీకి వెళ్ళి, విదేశంలో ఉన్నప్పుడు ఏ రూపంలో పంపితే తీసుకుంటారో అడిగి రాసుకోమనండి. టొరంటోలోని భారత కాన్సులేటు ఆ నెలలో పింఛనుదారుల కోసం శిబిరాలు పెడుతుంది. అక్కడికి వెళ్ళేటప్పుడు పింఛను ఉత్తర్వు నకలు, ఆ పేర్ల ప్రమాణ పత్రం రెండూ పట్టుకెళ్ళాలి. పింఛను కాగితంలో పేరు వేరుగా ఉంది కదా, మొదట అడిగేది దాని గురించే.